ర్యామ్ పంపకం

నాలుగు ర్యామ్‌లూ రామాబాయి తాంబూలం పళ్ళెంలో ఉన్నాయి. కంప్యూటర్ నుంచి ఆ మెమరీ ముక్కలను ఊడదీసిన మెకానిక్ అమరేశప్ప స్క్రూడ్రైవర్ పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు. పక్క రేకు విప్పేసిన పెద్ద కంప్యూటర్ బల్ల మీద పడుకుని ఉంది. 

"ఇగ కానియ్యిన్రి," అంది రామాబాయి. "పాళ్ళు పెద్దోడు ఎయ్యాలె. ముందు ఎత్తుకునేది చిన్నోళ్ళు. మీ నాయిన, మీ చిన్నాయిన చిక్కసూగూరు చేను పంచుకున్ననాడు గిట్లనే చేసిన్రు. మీరు గూడ గట్లనే చెయ్యిన్రి."

పెద్దకొడుకు సూగురేశ్ పళ్ళెం ముందు కూర్చున్నాడు. పెళ్ళి మంటపాల్లో కెమెరా పట్టుకుని వందమందిని గద్దించి వరసలో నిలబెట్టేవాడు, తల్లి ఎదుట మాత్రం గొంతు పెగలదు. రెండు ర్యామ్‌లు ఇటూ, రెండు అటూ జరిపాడు. నాలుగూ ఒకే రకం. అయినా ఎందుకో ఇటుది అటు మార్చి, కాసేపు చూసి, మళ్ళీ ఎక్కడిది అక్కడే పెట్టాడు.

"ఏంది అన్నా, నీళ్ళ తరి ఏది, ఎండు ఖుష్కి ఏదని చూస్తున్నవా?" అన్నాడు తమ్ముడు ప్రాణేశ్.

నవ్వించాలనే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

సూగురేశ్ భార్య రశ్మి వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పళ్ళెం కోసం వారంగా ఇల్లు పీకి పందిరేసిన మనిషి, తీరా పళ్ళెం వచ్చాక దాని వంక చూడటమే లేదు. తోటికోడలు స్ఫూర్తి చేతుల వంక చూస్తోంది. ఆ చేతులు ఒళ్ళో కదలకుండా ఉన్నాయి. కనీసం వణికినా రశ్మికి కాస్త ఊరటగా ఉండేది.

ఈ ఇంటి ఫోటో స్టూడియోలోకి కంప్యూటర్ వచ్చిందే రశ్మి చేతుల మీదుగా. కొత్తకోడలుగా అడుగుపెట్టిన ఏడాదే మామగారి పక్కన కూర్చుని ఆల్బమ్‌లు కూర్చడం నేర్చుకుంది. తీన్ కందీల్ బజారు చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా ఆల్బమ్ రశ్మిదే. రామాబాయి వచ్చినవాళ్ళందరికీ "ఇది నా కోడలు గాదు, నా కుడిచెయ్యి" అని చెప్పేది. మామగారు పోయాక కూడా ఆ మాట ఆగలేదు. ఆ ఒక్క మాట మీద రశ్మి ఈ ఇంట్లో ఇన్నేళ్ళూ మహారాణిలా తిరిగింది.

తర్వాత ప్రాణేశ్ స్ఫూర్తిని చేసుకొచ్చాడు. స్ఫూర్తి వెంట డ్రోన్ వచ్చింది, కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ వచ్చింది, సింధనూరు కాలువ కింద రైతుల పొలాలకు పటాలు తీసే పని వచ్చింది. ఆ పని కోసం అరవై నాలుగు జీబీ మెమరీతో పెద్ద కంప్యూటర్ వచ్చింది. పొద్దున పూట రశ్మి ఆల్బమ్‌లు, మధ్యాహ్నం నుంచి స్ఫూర్తి పటాలు. ఒప్పందంలో ఎవరికీ లోటు లేదు. కానీ స్టూడియో మెట్లెక్కినవాళ్ళు "చిన్నమ్మ ఉన్నదా?" అని అడగడం మొదలుపెట్టారు. రామాబాయి చుట్టాలతో "మా చిన్నది ఆకాశంల మోడాల కెళ్ళి పొలం కొలుస్తది" అని చెప్పుకోవడం మొదలుపెట్టింది. కుడిచెయ్యి మాట ఎప్పుడు ఆగిపోయిందో అత్తకు గుర్తులేదు. రశ్మికి గుర్తుంది.

వారం కింద యూపీఎస్ బ్యాటరీ మార్చడానికి వచ్చిన అమరేశప్పను, మెమరీ కూడా కాస్త చూసి పొమ్మని అడిగింది రశ్మి. అది పొద్దున పూట. స్ఫూర్తి పని వేళ ఇంకా కానేలేదు. అమరేశప్ప తెర మీద అంకెలు చూసి పెదవి విరిచాడు.

"తుంబిబిట్టైతి అక్కా. పూరా నిండింది. ఫ్రీ అన్న జాగల ఏమీ మిగల్లే."

కుర్చీలో మనిషి లేదు, మెమరీ మాత్రం నిండి ఉంది. రశ్మికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కూర్చున్నప్పుడు చాలదని, లేనప్పుడు కూడా తన సామానంతా పరిచి పోతోందన్నమాట. ఆ రోజు నుంచి సగం మెమరీ ఊడదీసి తన పాత మిషన్‌లో పెట్టాల్సిందేనని పట్టుబట్టింది. అన్నం మానేసింది, మొగుడితో మాట మానేసింది, చివరికి అత్తకాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. ఇంటి గోల ఎట్లాగైనా సద్దుమణిగితే చాలని రామాబాయి సరేనంది.

"ముందుగాల అందరికీ ఇంత చాయ్ పొయ్యిన్రి," అంది రామాబాయి ఇప్పుడు. "ఖాళీ కడుపుతోని పంచుకుంటే అచ్చిరాదు."

ఇద్దరు కోడళ్ళూ వంటింట్లోకి వెళ్ళారు. రశ్మి గిన్నె పొయ్యి మీద పెట్టింది. స్ఫూర్తి కప్పులు దించుతూ గొంతు తగ్గించి అంది.

"అక్కా, ఆ ర్యామ్‌లు నీ పాత మిషన్‌ల కూర్చోవు. దాని గాడి వేరు, దీని గాడి వేరు. ఊడదీసినా నీకేం పనికి రావు."

రశ్మి చక్కెర డబ్బా మూత తీస్తూ ఆగింది.

"నలుగుట్ల నేనంటే నీకు బాగుండదని ఈడ చెప్తున్న. నువ్వే పొయ్యి, పంచొద్దు అని చెప్పు. అత్తమ్మ ఇంటది."

"అంటే నాలుగూ నీ తాననే ఉండాలె. గంతే గద."

"గట్ల గాదక్కా. స్లాట్ల మధ్యల ఒక గీత ఉంటది, అది…"

"నాకు నేర్పియ్యకు," అంది రశ్మి. "నువ్వు వచ్చిన కొత్తల్నే చెప్పిన. నేర్పియ్యకు."

 చాయ్ పొంగింది. రశ్మి గిన్నె దించి, తన చేత్తోనే అందరికీ పోసింది.

హాల్లోకి వచ్చాక స్ఫూర్తి పళ్ళెం వైపు చూడకుండానే చెయ్యి చాచి, దగ్గరున్న రెండూ తీసుకుంది. మిగిలిన రెండూ రశ్మి అందుకుంది. అరచేతిలో పడ్డాయి గానీ మనసు నిలవలేదు. స్ఫూర్తి ఆ రెండే ఎందుకు తీసుకుంది? వాటిలో ఏం విశేషం ఉంది? నాలుగూ ఒకటేనని తెలిసి కూడా రశ్మి కాసేపు ఆ చింతలోనే ఉండిపోయింది.

అమరేశప్ప స్ఫూర్తి పాలికి వచ్చిన రెండూ పెద్ద కంప్యూటర్‌లో బిగించి, రశ్మి వెంట వెనక గదిలోకి వెళ్ళాడు. పాత మిషన్ మూత విప్పితే బూజు రాలింది. ఊది తుడిచి, ర్యామ్ పెట్టబోయి, ఆగిపోయాడు. తిప్పి పెట్టి చూశాడు. మళ్ళీ తిప్పాడు.

"అక్కా, ఇది కూర్చునేది గాదు."

"జర గట్టిగ ఒత్తు."

"ఒత్తితే ఇరుగుతది. ఇది పాత రకం అక్కా. గాడి కలుస్తలేదు. నేను ముందుగాల ఈ మిషన్ ఇప్పి చూడకపోతి."

రశ్మి వంగి తన కళ్ళతో చూసింది. ర్యామ్ మీద కోసిన గాడి ఒకచోట ఉంది, స్లాట్‌లో గీత మరోచోట ఉంది. స్ఫూర్తి చెప్పింది అక్షరాలా నిజం. నిజమైనందుకే ఆమెకు సహించలేదు. అబద్ధమైతే ఎంత బాగుండేది, నలుగురిలో పెట్టి కడిగేసేది.

"తెండి అక్కా, పెద్ద దాంట్లనే మల్ల ఏసి పోత. రెండు నిమిషాల పని."

తిరిగి ఇవ్వడమంటే ఈ రెండూ పట్టుకుని హాల్లోకి నడవాలి. స్ఫూర్తి 'నేను చెప్పలేదా' అనదు. అననే అనదు. కళ్ళు దించుకుని ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడాన్ని తలుచుకుంటేనే రశ్మికి ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

"ఉండనీ," అంది. "నువ్వు పో."

"మరి అవ్వ అడిగితే?"

"అడిగితే ఏం చెప్పకు. అబద్ధం ఆడమంటలేను. ఊకో అంటున్న."

అమరేశప్ప తల గోక్కుంటూ సామాన్లు సర్దుకుని పోయాడు. రశ్మి రెండు ర్యామ్‌లనూ ఒక రవికె గుడ్డలో చుట్టి, బీరువాలో పట్టుచీరల అడుగున పెట్టి తాళం వేసింది. ఇంటి మెమరీలో సగం చీరల కింద పడుకుంది. పనికి రాకపోతే రాకపోనీ. స్ఫూర్తి దగ్గర లేవు, అది చాలు.

మర్నాడు ఆదివారం. పాత మిషన్‌లో ఇంకా ఏదో సెట్టింగ్ మిగిలిందని మొగుడితో చెప్పి, రశ్మి పొద్దున్నే పెద్ద కంప్యూటర్ ముందే కూర్చుంది. మస్కి ఊరివాళ్ళ పెళ్ళి ఆల్బమ్ పంపాలి. మీట నొక్కింది. తెర మీద బూడిదరంగు పలక కనిపించి, చాలాసేపటికి గానీ పెళ్ళికూతురు ముఖం తేలలేదు. ఇంకోటి నొక్కింది. మళ్ళీ అంతే.

నిన్నటిదాకా ఇట్లా లేదు. వేలు ఆనిస్తే చాలు ఫోటో వచ్చి నిలబడేది. ఆ వేగం చూసి ఆల్బమ్ చేయించుకునే పార్టీలు నోరు వెళ్ళబెట్టేవాళ్ళు. ఈ ఏడు తన చెయ్యి బాగా తిరిగిందని రశ్మి గర్వపడింది, నలుగురితో చెప్పుకుంది కూడా. ఇవాళ ఒక్కో ఫోటో ముందు చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. తనకు సగం పోయిందన్న కసితో ఆ పిల్ల ఏదో చేసే ఉంటుందని తీర్మానించుకుని, భోజనాల వేళకు విసురుగా లేచి పోయింది.

మధ్యాహ్నం స్ఫూర్తి కూర్చుంది. డ్రోన్ తీసిన ఫోటోలన్నీ కలిపి ఒక్క పటంగా కుట్టే పని మొదలుపెట్టింది. సగం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి కూడా ఆగేసరికి ఆమె చేతులు బల్ల మీంచి ఒళ్ళోకి దిగాయి.

"ఏమైంది?" అన్నాడు ప్రాణేశ్.

"మెమరీ చాలుతలేదు. పని నడుమల అదే బంద్ చేస్తున్నది. డిస్కుల కొంత జాగ ఇచ్చి మెమరీ తీరుగ వాడుకొమ్మన్న. పాత డిస్కు గద, గట్ల నడిస్తే ఎల్లుండికి గూడ కాదు."

"బజార్ల దొరకదా?"

"ఫోన్ చేసిన. ఈ రకం హైదరాబాద్ కెళ్ళి తెప్పియ్యాలె అంటున్నరు."

అప్పుడే ఫోన్ మోగింది. సింధనూరు దగ్గర వలస రైతుల ఊరైన క్యాంపు నుంచి యలమందయ్య. కృష్ణ ఒడ్డు నుంచి వచ్చి ఇక్కడ వరి పండిస్తున్న పెద్దమనిషి. ఆయన గొంతు స్పీకర్‌లో పెట్టకపోయినా హాలంతా వినిపిస్తుంది.

"అమ్మాయ్ స్ఫూర్తీ, పటం అయిందామ్మా? రేపు పొద్దున్నే ఇంజనీర్లు కాలవ మీదకి వత్తన్నారు. ఏ మడికి నీళ్ళు ఎక్కట్లేదో ఆ పటం పెట్టే అడగాల. నోటితో చెప్తే ఇన్నేళ్ళూ తలకాయలు ఊపి పోతన్నారు. ఈ కారు పంటకి కూడా కింద పొలాలు ఎండిపోతే ఇంక మేం తట్టుకోలేమమ్మా."

"అయితలేదు బాబాయిగారూ," అంది స్ఫూర్తి. "మెమరీ సరిపోతలేదు."

"అదేంటమ్మా? మొన్న మా బావమరిది పొలానికి సరిపోయిందిగా?"

 వంటింట్లో వక్కలు కత్తిరిస్తున్న రామాబాయి చెయ్యి ఆగింది.

"పోనీ మా మిల్లులో మా అల్లుడు కొన్న కొత్త కంప్యూటర్ ఉంది," అన్నాడు యలమందయ్య. "దాంట్లో మెమరీ బోలెడంటన్నాడు. నువ్వే వచ్చి కూర్చుంటానంటే బస్టాండ్‌కి బండి పంపిత్తా."

"చెప్తా బాబాయిగారూ," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ప్రాణేశ్ లేచి నిలబడ్డాడు. ఈ ఇంట్లో కోపం అతని సొత్తు.

"సంతోషమేనా వదినె? పంచినవ్ గద. ఇప్పుడు నీ ఆల్బమ్ లేదు, మా పటం లేదు."

"నా హిస్సా, నా వాటా మీద పడి ఏడుస్తవేంది?" రశ్మి కూడా తగ్గలేదు. "ఇన్నాళ్ళూ అంతా మీరే తింటుండిరి గద. ఆమె లేనప్పుడు గూడ నిండే ఉండె. అమరేశప్ప కండ్లార చూసిండు."

"చూసిండు. అందుల ఎవరి సామాను ఉండెనో అడిగినవా? నీదే. నీ పెళ్ళి ఫోటోలే."

రశ్మి అతని వంక, స్ఫూర్తి వంక మార్చి మార్చి చూసింది.

"ఏం మాట్లాడుతున్నవ్ రా?" అన్నాడు సూగురేశ్.

"ఆమెనే అడుగు. దినాం పొద్దుగాల పాలు గూడ కాయకముందే స్టూడియోలకి దిగి ఏం చేసేదో."

స్ఫూర్తి చెప్పడానికి ఇష్టపడలేదు. రామాబాయి వంటింటి గుమ్మంలోకి వచ్చి "చెప్పు" అంది. అప్పుడు చెప్పింది, తెర వంకే చూస్తూ.

"మన ఫోటోల డిస్కు పాతది అత్తమ్మా. అండ్ల కెళ్ళి ఒక్కొక్క ఫోటో రావాలంటే లేట్ అయితది. మెమరీ ఏమో అంత ఉన్నది, పొద్దున పూట ఊకెనే పడి ఉంటుండె. అందుకే అక్క కూర్చునే ముందు, ఆమె పని చేసే పెళ్ళి ఫోటోలన్నీ ఒక కమాండ్ ఇచ్చి మెమరీలకు ఎక్కిస్తుంటి. ఆమె నొక్కంగనే డిస్కు దాక పోయే పని లేకుండా మెమరీల కెళ్ళే వస్తుండె."

"మరి నిండిపోయింది అన్నడు గద అమరేశప్ప?" అన్నాడు సూగురేశ్.

"లైనక్స్ గంతే బావా. ఖాళీ జాగ ఉంటే ఊకె ఉంచదు. ఒకసారి చదివిన ఫైలు మల్ల అడుగుతరేమో అని దాచి పెడ్తది. వేరే పని వచ్చి జాగ అడిగితే, ఆ దాచినవి తీసేసి ఇచ్చేస్తది. ఫ్రీ అన్న కాడ ఏమీ లేనట్టే కనపడ్తది. దాని పక్కన అవైలబుల్ అని ఇంకో అంకె ఉంటది, అది చూడాలె. అమరేశప్ప చూసిననాడు గూడ అది శాన ఉండె. మధ్యాహ్నం నా పటం షురూ అయితే, అక్క ఫోటోలు వాటంతట అవే తప్పుకునేటివి."

"ఇయ్యాల గూడ ఎక్కించినవా?" అన్నాడు సూగురేశ్.

"ఎక్కించిన. సగమే పట్టినయి. కొత్తగ ఎక్కేటివి ముందుగాల ఎక్కినవాటిని తోసేస్తుండె."

 సూగురేశ్ పెళ్ళాం ముఖం చూడలేక గోడ మీది తండ్రి ఫోటో వంక చూశాడు.

"గంత చేసేదానివి, చెప్తే ఏమైతుండె?" అంది రామాబాయి.

"నేర్పియ్యకు అన్నది అక్క. నేర్పియ్యలే. చేసిన."

 స్ఫూర్తి తిట్లను రశ్మి తట్టుకునేది. దొంగ అని తేలితే పండగ చేసుకునేది. కానీ ఇన్నాళ్ళూ తన చెయ్యి తిరిగిందని మురిసిన వేగం కూడా ఆ పిల్ల పెట్టిన భిక్షేనా? పార్టీల ముందు తాను విరగబడి చెప్పుకుంటుంటే, ఆ పిల్ల పక్కన నిలబడి విని ఊరుకుందా? జాలి పడి ఊరుకుందా? మంచిదానిగా ఉండటంలో కూడా ఈమే ముందుండాలా? ఈర్ష్య తగ్గాల్సిన చోట రశ్మికి రెండింతలైంది.

"ఈ ఒక్క పూటకు అక్క తాన ఉన్న రెండు ఇస్తే చాలు," అంది స్ఫూర్తి, వంటింట్లో చెప్పిన మాట బయటపెట్టకుండా. "పటం కాంగనే మల్ల అక్క మిషన్‌లనే పెట్టేయొచ్చు."

"ఇస్తది," అన్నాడు సూగురేశ్ వెంటనే. "ఎందుకియ్యదు? నేను తీస్కొస్త." వెనక గది వైపు అడుగు వేశాడు.

 పాత మిషన్ మూత తీస్తే లోపల ఆ రెండూ ఉండవు.

"ఆగున్రి," అంది. "నా హిస్సా నేనియ్య."

"రశ్మీ."

"పంచినంక పంచినట్టే. పెద్దలు కూర్చుని చేసిన్రు. దినానికి ఒక తీరు మాట నాతోని కాదు."

సూగురేశ్ ఆగిపోయాడు. ప్రాణేశ్ ఏదో అనబోతే స్ఫూర్తి అతని చెయ్యి పట్టుకుంది.

"వద్దు. సింధనూరు పోదాం. మానవి మీదుగ బస్సు దొరుకుతది," అంది.

ఆమె డ్రోన్ ఫోటోలు వేరే డిస్కులోకి ఎక్కించుకుని, సంచి తెచ్చుకుని హాల్లోనే సర్దుకోవడం మొదలుపెట్టింది. రామాబాయి ఆ సంచి వంక చాలాసేపు చూసింది. తర్వాత తన గదిలోకి వెళ్ళి రెండు చీరలు మడతపెట్టి తెచ్చింది.

"స్ఫూర్తీ, ఇవి గూడ నీ సంచిల పెట్టు."

"అమ్మా, నువ్వెక్కడికి?" అన్నాడు సూగురేశ్.

"మిషన్ పంచిన్రు. నన్ను ఎవరి పాలు ఏసిన్రో ఎవరూ చెప్పలే. నేనే ఎత్తుకుంటున్న." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇంట్ల నోరు మూయించాలె అని సరే అన్న చూడు, నాది తప్పు. కొన్నాళ్ళు ఆడనే ఉంట."

ఆ చీరలు సంచిలోకి వెళ్ళడం రశ్మి కళ్ళారా చూసింది. స్టూడియో మిగిలింది, పెద్ద కంప్యూటర్ మొత్తం మిగిలింది, కుర్చీ మిగిలింది. ఎవరి మెప్పు కోసం ఇదంతా చేసిందో ఆ మనిషి ఆ పిల్ల వెంట బస్సెక్కుతోంది. రశ్మి గిరుక్కున తిరిగి గదిలోకి పరిగెత్తింది. బీరువా తాళం తీసి, పట్టుచీరల కింద చెయ్యి పెట్టి, రవికె గుడ్డ మూట లాగింది. మళ్ళీ ఆలోచిస్తే ఇవ్వలేనని ఆమెకు తెలుసు. ఆలోచించకుండా వచ్చి అత్త చేతిలో పెట్టింది.

"తీస్కోన్రి. ఎవరూ యాడికీ పోవద్దు."

రామాబాయి గుడ్డ విప్పింది. రెండు ర్యామ్‌లూ నిన్న పళ్ళెంలో ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి.

"ఇవి నీ మిషన్‌ల పెట్టిన్రు గద," అంది నెమ్మదిగా. "బీరువాలకి ఎట్ల వచ్చినయి?"

 సూగురేశ్ వెనక గదిలోకి వెళ్ళి తిరిగి వచ్చాడు. వచ్చి తల అడ్డంగా ఊపాడు.

"కూర్చోలేదా దాంట్ల?" అంది రామాబాయి. "కూర్చోకుంటే తెచ్చి ఇయ్యాలె గద. చీరల కింద పెట్టుకున్నవా? ఈడ పని ఆగిపాయె, ఆడ ఆ ముసలాయన పటం పటం అని మొత్తుకుంటుండె. నువ్వు ఇనుకుంట నిలబడ్డవా?"

అత్త ముఖంలో రశ్మి ఎన్నడూ చూడని చూపు ఉంది. తిట్టినా బాగుండేది. పరాయి ఆడదాన్ని చూసినట్టు చూస్తోంది. ఆ చూపు కింద ఒక్క క్షణం కూడా నిలబడలేనని రశ్మికి తెలిసిపోయింది. అప్పుడు నోటికొచ్చిన మాట ఆమె ఆపుకోలేదు. ఆపుకోవాలని చూడలేదు కూడా.

"అవి కూర్చోవని ఆమెకు ముందుగాలనే తెలుసు," అంది స్ఫూర్తి వైపు వేలు చూపిస్తూ. "తెలిసీ పళ్ళెంల కెళ్ళి ఎత్తుకున్నది. నన్ను నవ్వులపాలు చెయ్యాలె అని మాట్లాడకుంట కూర్చున్నది."

రామాబాయి చిన్నకోడలి వైపు తిరిగింది.

"తెలుసా నీకు?"

సంచి జిప్పు మీద స్ఫూర్తి చెయ్యి ఆగింది.

"తెలుసు అత్తమ్మా," అంది.

అంతే అంది. అని, రశ్మి కళ్ళలోకి చూసింది. వంటింట్లో చాయ్ గిన్నె పక్కన తాను చెప్పిన మాట ఇద్దరికే తెలుసు. రశ్మి పరువు పోకూడదని చాటుగా చెప్పిన మాట అది. ఇప్పుడు దాన్ని బయటపెట్టాల్సింది తాను కాదన్నట్టు స్ఫూర్తి ఎదురుచూసింది. అడగలేదు, బతిమాలలేదు.

ప్రాణేశ్ కూడా పెళ్ళాం వంక కొత్తగా చూశాడు. "నీకు తెలుసా? మరి నాతోని గూడ చెప్పకపోతివి?"

ఒక్క మాట చాలు. 'చెప్పింది, నేనే వినలేదు' అంటే అయిపోయేది. ఆ మాట రశ్మి నాలుక చివరికి వచ్చింది. వచ్చినప్పుడే అత్త కళ్ళు తన మీంచి తప్పుకుని ఆ పిల్ల మీద నిలవడం చూసింది. వారం రోజుల్లో మొదటిసారి ఆమెకు ఊపిరి ఆడింది. ఆ మాట మింగేసి, తల వంచుకుని నేల చూపులు చూస్తూ నిలబడింది.

"తెలిసి ఊకున్నవా," అంది రామాబాయి స్ఫూర్తితో. "ఇద్దరూ ఇద్దరే."

ఆమె వంగి సంచిలోంచి తన చీరలు తీసింది. ర్యామ్‌లున్న గుడ్డను స్ఫూర్తి ముందు పెట్టింది. స్ఫూర్తి దాన్ని ముట్టుకోలేదు. జిప్పు లాగి, డిస్కు ఉన్న సంచి భుజాన వేసుకుని, గడప దాటి చెప్పులు వేసుకుంది. ప్రాణేశ్ ఒక నిమిషం తటపటాయించి ఆమె వెనకే దిగిపోయాడు.

రామాబాయి రెండు చీరలూ తెచ్చి రశ్మి చేతుల మీద పెట్టింది.

"లోపల పెట్టు," అంది, ముఖం చూడకుండా.